చెయ్యిచ్చాడంటే సాయం చేసినట్టా, ముంచినట్టా?

కడపలో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థుల ముందు ఒక ఇంగ్లీషు అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం

కూర్చోండి, అందరూ కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఈ రోజు ఇంగ్లీషు ఇడియమ్స్ గురించి మాట్లాడమన్నారు. మీలో చాలామంది బ్యాంకు పరీక్షలకో, గ్రూప్స్‌కో, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికో తయారవుతున్నారు. మీ బిట్ బ్యాంకుల్లో ఇడియమ్స్ జాబితాలు నేను చూశాను. ఎడమ పక్కన ఇడియమ్, కుడి పక్కన అర్థం. కిక్ ది బకెట్, చనిపోవడం. స్పిల్ ది బీన్స్, రహస్యం బయటపెట్టడం. బట్టీ పట్టడానికి బాగానే ఉంటుంది, పరీక్షలో మార్కూ వస్తుంది. కానీ ఆ జాబితా మీకు ఒక సంగతి చెప్పదు. ఆ మాటను ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటారు? అది తెలియకుండా ఇడియమ్ వాడితే నోరు తెరిచి ఇబ్బంది కొనితెచ్చుకున్నట్టే. ఈ గంటంతా నేను దాని చుట్టూనే తిరుగుతాను.

ముందు మన తెలుగు నుంచే మొదలుపెడదాం. 'వాడు నాకు చెయ్యిచ్చాడు' అంటే ఏమిటమ్మా? అవును, నమ్మించి చివరి నిమిషంలో ముంచాడని. ఇప్పుడు ఇంగ్లీషులో 'హి గేవ్ మీ ఎ హ్యాండ్' అంటే? సాయం చేశాడని. మాటకు మాట అదే, అర్థం మాత్రం సరిగ్గా తలకిందులు. రేపు ఆఫీసులో మీ మేనేజర్ 'కెన్ యూ గివ్ మీ ఎ హ్యాండ్?' అంటే కాస్త సాయం పట్టమంటున్నాడని అర్థం.

చెయ్యి అనే ఒక్క మాటను పట్టుకుంటే తెలుగులో ఎన్ని ఉన్నాయో చూడండి. చేయి చేసుకున్నాడంటే కొట్టాడని. చేతులెత్తేశాడంటే ఇక నా వల్ల కాదన్నాడని. చెయ్యి తిరిగిన వంటవాడంటే పనిలో ఆరితేరినవాడు. చేతివాటం ఉందంటే వస్తువులు జాగ్రత్త. ఇంగ్లీషులోనూ ఇలాంటివి ఉన్నాయి. అనుభవం పండినవాణ్ని 'ఓల్డ్ హ్యాండ్' అంటారు, అది మన చెయ్యి తిరిగినవాడికి దగ్గర. చేతివాటం ఉన్నవాణ్ని 'లైట్ ఫింగర్డ్' అంటారు, వేళ్లు తేలికైనవాడని. ఒక్కోచోట రెండు భాషలూ ఒకే దారిలో నడుస్తాయి, ఒక్కోచోట ఎదురెదురుగా పోతాయి. ఏది ఎక్కడ విడిపోతుందో ముందుగా కనిపెట్టే సూత్రం ఏదీ లేదు. ఒక్కోదాన్నీ విడివిడిగా పరిచయం చేసుకోవాల్సిందే.

కాళ్ల సంగతి ఇంకా ప్రమాదం. మనం 'పైకి వస్తున్నవాడి కాళ్లు పట్టి లాగుతున్నారు' అంటాం. ఎదగనివ్వడం లేదని. అదే ఊహతో మనవాళ్లు ఆఫీసులో 'మై కొలీగ్స్ ఆర్ పుల్లింగ్ మై లెగ్' అని ఫిర్యాదు రాస్తారు. చదివిన ఇంగ్లీషువాడికి ఏమర్థమవుతుంది? సహోద్యోగులు సరదాగా ఆట పట్టిస్తున్నారని. వాడు నవ్వి ఊరుకుంటాడు. పాపం, రాసినవాడు నిజంగా నలిగిపోతుంటాడు. ఒక మనిషి బాధ వినాల్సినవాళ్లకు వినపడకుండా పోయింది. ఇడియమ్ అంటే మాటలకు పెట్టే అలంకారం అనుకునేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకోండి.

ఇలాంటిదే తల. 'నా తల తినకు' అని మనం రోజూ అంటాం. దాన్నే 'డోంట్ ఈట్ మై హెడ్' అని ఇంగ్లీషులోకి దించుకున్నాం, మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. బయటివాళ్లకు అర్థం కాదు. వాళ్లకు ఉన్నది 'హి బిట్ మై హెడ్ ఆఫ్'. అది విసిగించడం గురించి కాదు, కసురుకోవడం గురించి. చిన్న ప్రశ్న అడిగితే మీద పడి అరిచాడని.

ఇక క్రికెట్. మీకు బాగా వచ్చనుకున్న చోట కూడా జాగ్రత్తగా ఉండాలని ఇది చెబుతున్నాను. 'ది న్యూస్ నాక్డ్ మీ ఫర్ సిక్స్' అని ఒక బ్రిటిష్ సహోద్యోగి అన్నాడనుకోండి. మనకు సిక్స్ అనగానే స్టేడియంలో ఈలలు వినిపిస్తాయి. ఏదో మంచి వార్త అనుకుని కంగ్రాట్స్ చెప్పేస్తాం. కానీ అతను అంటున్నది ఆ వార్తకు దిమ్మతిరిగి కూలబడిపోయానని. ఎందుకంటే ఆ వాక్యంలో అతను బ్యాట్స్‌మన్ కాదు, దెబ్బ తిని బౌండరీ బయట పడ్డ బంతి.

హ్యాట్రిక్ అనే మాటా క్రికెట్‌దే. 1858లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హెచ్.హెచ్. స్టీఫెన్‌సన్ అనే బౌలర్ వరసగా మూడు బంతుల్లో మూడు వికెట్లు తీశాడు. చందాలు వేసి అతనికి టోపీ కొనిచ్చారు. ఇప్పుడు మన పత్రికల్లో ఎమ్మెల్యే మూడోసారి గెలిచినా హ్యాట్రిక్కే. 'స్టికీ వికెట్' అంటే ఇరకాటం. పూర్వం పిచ్ మీద కవర్లు కప్పేవారు కాదు. వాన పడి, మళ్లీ ఎండ కాస్తే బంతి ఎటు తిరుగుతుందో బ్యాట్స్‌మన్‌కు తెలిసేది కాదు. 'ఆన్ ది బ్యాక్ ఫుట్' అంటే వెనక్కి తగ్గి కాచుకునే స్థితి. ఇవన్నీ మనకు చెప్పకుండానే అర్థమవుతాయి.

అయితే మీ క్లయింటు అమెరికావాడైతే ఇవేవీ పనికిరావు. వాళ్ల ఆట బేస్‌బాల్. కాల్‌లో 'గివ్ మీ ఎ బాల్‌పార్క్ ఫిగర్' అంటాడు. అంటే ఉజ్జాయింపుగా ఒక లెక్క చెప్పమని. అక్కడ మీరు పైసలతో సహా లెక్క తేల్చడానికి అరగంట అడగక్కర్లేదు. 'లెట్స్ టచ్ బేస్ ఆన్ మండే' అంటే సోమవారం ఒకసారి మాట్లాడుకుందామని.

వాళ్లలో వాళ్లకే తేడాలు వస్తాయి. 'టేబుల్ ది మోషన్' అనే మాట చూడండి. బ్రిటన్‌లో ఒక అంశాన్ని టేబుల్ చేయడమంటే చర్చకు పెట్టడం. అమెరికాలో చర్చ నుంచి పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రెండు దేశాల అధికారులు ఒక సమావేశంలో దీని మీద చాలాసేపు వాదించుకున్నారు. ఇద్దరికీ కావలసింది ఒకటేనని ఆ తర్వాత గానీ తెలియలేదు. చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో ఈ సంగతి రాశాడు. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లకే ఈ తిప్పలు వచ్చాయి. కాబట్టి మీరు 'సారీ, వాట్ డూ యూ మీన్ బై దట్?' అని అడగడంలో తప్పు లేదు, సిగ్గుపడాల్సిన పని అసలే లేదు. ఇడియమ్ అర్థం కాకపోతే అడగండి. అర్థమైనట్టు తల ఊపడమే పెద్ద పొరపాటు.

మన వైపునుంచి కూడా ఇలాంటిది ఒకటుంది. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022' అని మనం రెజ్యూమేలో రాస్తాం, ఆ ఏడాది డిగ్రీ పూర్తయిందని. అమెరికాలో పాస్డ్ అవుట్ అంటే స్పృహ తప్పి పడిపోయానని. అక్కడికి పంపే కాగితంలో 'గ్రాడ్యుయేటెడ్' అని రాయండి. ఇక్కడ మనలో మనం మాట్లాడుకునేటప్పుడు పాస్డ్ అవుట్ అన్నా నాకేం అభ్యంతరం లేదు. అదీ ఒక ఇంగ్లీషే, కోట్ల మంది మాట్లాడుతున్న ఇంగ్లీషు.

ఇప్పుడు మర్యాద సంగతి. మొదట చెప్పిన కిక్ ది బకెట్‌కు వస్తాను. ఇది పాత మాట, 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అచ్చువేసిన వీధి భాష నిఘంటువులోనే ఉంది. తెలుగులోనూ 'బాల్చీ తన్నేశాడు' అంటాం. 'టపా కట్టేశాడు' అని కూడా అంటాం. కానీ ఎవరి గురించి అంటాం? మనకు ఏమీ కానివాడి గురించి, వేళాకోళంగా. ఇంట్లో పెద్దాయన పోతే 'మా తాత బాల్చీ తన్నేశాడు' అని ఎవరైనా అంటారా? కాలం చేశారంటాం, పోయారంటాం. ఇంగ్లీషులోనూ అంతే, 'పాస్డ్ అవే' అంటారు. సెలవు చీటీలో మా నాయనమ్మ కిక్డ్ ది బకెట్ అని రాసినవాడికి మార్కుల ఇంగ్లీషు వచ్చు, మనుషుల ఇంగ్లీషు రాలేదు. బిట్ బ్యాంకు రాసినవాళ్లు ఆ వరస పక్కన 'వేళాకోళం, దుఃఖంలో వాడొద్దు' అని ఒక్క ముక్క చేర్చి ఉంటే ఎంత మేలు జరిగేది! పిల్లలకు భాష నేర్పే పుస్తకంలో అర్థం ఇచ్చి మర్యాద వదిలేయడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది.

దీనికి ఎదురుగా ఒకటి చూద్దాం. వినడానికి శాపంలా ఉండి, నిజానికి దీవెన అయినది. 'బ్రేక్ ఎ లెగ్'. కాలు విరగ్గొట్టుకో అని. నాటకం స్టేజీ ఎక్కబోయే నటుడికి తోటివాళ్లు చెప్పే మాట ఇది. మీరు కడప జిల్లావాళ్లు, నాటకమంటే మీకు కొత్త కాదు. మన సురభి గ్రామంలో 1885లో కీచక వధ ఆడి మొదలుపెట్టిన నాటక సమాజం కుటుంబాలు కుటుంబాలుగా తరాల తరబడి ఆడుతూనే ఉంది. ఆ వేషం కట్టే మనిషి దగ్గరికి వెళ్లి తెలుగులో కాలు విరగ్గొట్టుకో అంటే ఏమవుతుందో మీకు తెలుసు. మరి వాళ్లు ఎందుకంటారు? నటీనటుల్లో ఒక నమ్మకం ఉంది, మంచి జరగాలని నోటితో నేరుగా అంటే చెడు జరుగుతుందని. మన ఇళ్లల్లో పసిబిడ్డ ముద్దుగా ఉన్నాడని ఎవరైనా అంటే అవ్వ వెంటనే దిష్టి తీస్తుంది కదా, బుగ్గన నల్లచుక్క పెడుతుంది కదా, ఆ భయమే ఇది. అలా ఆలోచిస్తే ఆ ఇడియమ్ మీకు ఇక పరాయిది కాదు. ఇప్పుడు ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లకూ, పాట పాడబోయేవాళ్లకూ అంటున్నారు. కానీ నిజంగా కాలికి ఆపరేషన్ జరగబోయే మనిషికి మాత్రం అనకండి.

ఇక నా మనసుకు బాగా దగ్గరైన ఇడియమ్ ఒకటుంది. 'హి వర్క్స్ ఫర్ పీనట్స్'. చాలీచాలని డబ్బుకు పనిచేస్తున్నాడని. పీనట్స్ అంటే మన చెనిక్కాయలు. అమెరికాలో పుట్టిన వాడుక. అక్కడ ఆటల దగ్గర, సర్కస్‌ల దగ్గర పొట్లాలు కట్టి అమ్మే చవక తిండి అది. అలా విలువ లేనిదానికి గుర్తుగా మారింది. 'ఇఫ్ యూ పే పీనట్స్, యూ గెట్ మంకీస్' అని సామెత కూడా ఉంది. చెనిక్కాయలిచ్చి పిలిస్తే కోతులే వస్తాయి అని, జీతాలు సరిగా ఇవ్వని యజమానులనుద్దేశించి.

మీలో ఎంతమంది ఇళ్లల్లో చెనిక్కాయ వేస్తారు? చేతులెత్తండి. చూశారా, సగం మంది. పక్కన అనంతపురం జిల్లాలో అయితే ఊళ్లకు ఊళ్లే దాని మీద బతికాయి. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే నేల అది. ఊడలు దిగే రోజుల్లో ఒక పదును పడకపోతే కాయ ఊరదు. విత్తనానికి అప్పు, మందుకు అప్పు, కూలికి అప్పు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లకు పీనట్స్ అంటే చిల్లర అని చెప్పాలంటే నాకే నోరు రాదు. అయినా చెబుతాను, ఎందుకంటే రేపు జీతం మాట్లాడుకునేటప్పుడు ఎవరైనా ఆ మాట అంటే వాళ్లకు వెంటనే అర్థం కావాలి. వాడతారా లేదా అన్నది వాళ్ల ఇష్టం. అర్థం చేసుకోవడం అవసరం, వాడటం మన ఎంపిక. ఈ రెండింటినీ కలిపేయొద్దు.

గింజల మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. 'ఇన్ ఎ నట్‌షెల్' అంటే క్లుప్తంగా అని. ఇది చెనిక్కాయ పొట్టు కాదు. హోమర్ రాసిన ఇలియడ్ అంతా తోలు కాగితం మీద ఎంత చిన్నగా రాశారంటే, ఒక గింజ చిప్పలో పట్టేసిందని సిసిరో చెప్పినట్టు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. రెండు వేల ఏళ్ల నాటి మాట ఇప్పుడు ఆఫీసు మెయిల్లో తిరుగుతోంది.

పుట్టుక కథలన్నీ మాత్రం నమ్మకండి. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' గురించి ఒక కథ తిరుగుతూ ఉంటుంది, పూర్వం గడ్డి కప్పుల మీద పిల్లులు, కుక్కలు పడుకునేవనీ, వాన పడితే జారి కింద పడేవనీ. దానికి ఆధారం లేదు, ఎవరో అల్లింది. 1738లో జొనాథన్ స్విఫ్ట్ అచ్చువేసిన పుస్తకంలో ఆ మాట ఉంది, అంతవరకు ఖాయం. ఇంకో సంగతి, మన పాఠ్యపుస్తకాల్లో మొదటి ఇడియమ్ ఇదే కానీ, ఇంగ్లండ్‌లో ఇప్పుడు పెద్దగా ఎవరూ అనరు. 'ఇట్స్ పోరింగ్' అంటారు, 'ఇట్స్ బకెటింగ్ డౌన్' అంటారు. బకెట్లతో కుమ్మరించినట్టు. మనకు కుండపోత, వాళ్లకు బకెట్. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' మీకు తెలుసు, చాలా అరుదుగా అని. ఒకే ఇంగ్లీషు నెలలో రెండు పౌర్ణములు వస్తే రెండోదాన్ని బ్లూ మూన్ అంటారు. 2023 ఆగస్టులో అలా వచ్చింది. సుమారు రెండున్నర, మూడేళ్లకోసారి వస్తుంది. మనం 'అమాసకో పున్నానికో ఒకసారి' అంటాం, చంద్రుణ్నే పట్టుకుని. లెక్క చూస్తే మనది పదిహేను రోజులకోసారే, అయినా రెండింటి భావం ఒకటే.

'వైట్ ఎలిఫెంట్' సంగతి వేరు. తెల్ల ఏనుగు అంటే మనకు ఇంద్రుడి ఐరావతం, శుభం. ఇంగ్లీషులో అది మోయలేని భారం. సయాం రాజు తనకు గిట్టని కొలువుదారుకు తెల్ల ఏనుగును బహుమతిగా ఇచ్చేవాడట. రాజు ఇచ్చింది, అమ్మకూడదు, పని చేయించకూడదు, మేపలేక ఆ మనిషి ఆస్తి కరిగిపోయేది. ఇలా కథ చెబుతారు. మన పత్రికల్లో 'తెల్ల ఏనుగులా మారిన ప్రాజెక్టు' అని చదివితే అది ఈ ఇంగ్లీషు ఏనుగే అని గుర్తుపట్టండి.

వ్యాకరణం గురించి కొద్దిగా. ఇడియమ్‌లో మాటలు మార్చకూడదు. 'రెయినింగ్ డాగ్స్ అండ్ క్యాట్స్' అంటే వినేవాడికి ఎక్కడో తగులుతుంది. 'కిక్డ్ ఎ బకెట్' అంటే నిజంగానే ఒక బకెట్‌ను తన్నాడని. కాలం మార్చుకోవచ్చు. కొన్నింటిని కర్మణి వాక్యంలోకి తిప్పొచ్చు, 'ది బీన్స్ వర్ స్పిల్డ్' అనొచ్చు. 'ది బకెట్ వాజ్ కిక్డ్' అంటే మాత్రం చావు పోయి బకెట్ మిగులుతుంది. మన పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టును పొయ్యి మీద నుంచి పెనంలో అంటే ఎంత వింతగా ఉంటుందో, అంతే.

ఎలా నేర్చుకోవాలి అంటే, నాకు తెలిసిన మంచి దారి మన ఊళ్లోనే ఉంది. 1820లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్‌కు మీలాంటి సమస్యే, కాకపోతే అటు నుంచి ఇటు. ఆయన ఇక్కడ బంగ్లా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, తాళపత్రాలకు ప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. ఆయన నిఘంటువు తెరిచి చూడండి. ఒక మాటకు అర్థం చెప్పి ఊరుకోడు. జనం ఆ మాటను ఎలా తిప్పితిప్పి వాడుతారో, దాని కింద వాక్యాలు ఇస్తూ పోతాడు. మీ నోట్‌బుక్ కూడా అలాగే ఉండాలి. ఇడియమ్ వినగానే పూర్తి వాక్యం రాసుకోండి. ఎవరు అన్నారు, ఎవరితో, నవ్వుతూనా, కోపంగానా, అదీ రాయండి. వేర్వేరు మనుషుల నోట మూడు నాలుగు సార్లు విన్నాకే మీరు వాడండి. ఆయన బంగ్లా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. దూరం కూడా కాదు, వెళ్లి ఆ పేజీలు తిప్పండి.

ప్రశ్నలున్నాయా? అడుగమ్మా.

ఇంటర్వ్యూలో ఇడియమ్స్ వాడితే మంచి అభిప్రాయం కలుగుతుందా అని అడుగుతోంది ఈ అమ్మాయి. లేదమ్మా. ఎదుటివాళ్లు ముందు చూసేది నువ్వు చెప్పేది స్పష్టంగా ఉందా లేదా అని. వరసగా ఇడియమ్స్ పేరిస్తే బట్టీ పట్టుకొచ్చావని ఇట్టే తెలిసిపోతుంది. సందర్భం వచ్చి, నోటికి దానంతట అదే వస్తే ఒకటి వాడు. టెన్షన్‌లో గుర్తు తెచ్చుకుని మరీ వాడొద్దు.

ఆ చివరి అబ్బాయి... మన సామెతను ఇంగ్లీషులో చెప్పొచ్చా అంటున్నాడు. మంచి ప్రశ్న, చెప్పొచ్చు నాయనా, ధైర్యంగా చెప్పొచ్చు. ముందు 'వీ హ్యావ్ ఎ సేయింగ్ ఇన్ తెలుగు' అని ఒక ముక్క అను. అప్పుడు వినేవాడు సిద్ధపడతాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అనేదాన్నే తీసుకో. వాళ్లు గుర్రం పారిపోయాక లాయం తలుపు మూసినట్టు అంటారు. నువ్వు ఆ గుర్రం కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. ప్రాజెక్టులో బగ్ బయటపడ్డాక టెస్టింగ్ మొదలుపెట్టారనుకో, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని తేలిక మాటల్లో ఇంగ్లీషులో చెప్పు. ఏ దేశంవాడికైనా అర్థమవుతుంది. కానీ అన్నీ అలా దాటవు. 'గుండెల్లో రైళ్లు పరుగెత్తాయి' అని చెబితే గుంతకల్లు జంక్షన్ పక్కన పెరిగినవాడికి కూడా ఇంగ్లీషులో వివరించడం కష్టమే. అక్కడ 'ఐ వాజ్ టెరిఫైడ్' అను, సరిపోతుంది. 'బటర్‌ఫ్లైస్ ఇన్ మై స్టమక్' అనకు, అది స్టేజీ ఎక్కే ముందు కలిగే చిన్న గుబులు. రైళ్లు అంతకంటే చాలా పెద్దవి.